పిల్లలు దారి చూపే చదువు, ప్రపంచాన్ని తమదనుకునే పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల ఆసక్తిని బట్టి సాగే బడిలో బిడ్డను వేయాలనుకునేవాళ్ళు, ఇప్పటికే వేసినవాళ్ళు నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. ఏటా కొత్త తల్లిదండ్రులు వస్తారు, సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవాల్సిన పనిలేదు. మీ బిడ్డ ఏ దశలో ఉంటే ఆ భాగం తెరిచి చూడండి. ఇక్కడ చెప్పేదంతా పుట్టినప్పటి నుంచి సుమారు ఆరేళ్ళ లోపు పిల్లల గురించి.

## చేర్పించే ముందు

పిల్లవాడి ఇష్టానికి వదిలేయడమే కదా ఇది? ఇక టీచర్ ఎందుకు?

వదిలేయడం కాదు. ఇలాంటి క్లాసులో టీచర్‌కి మామూలు క్లాసులో కంటే పని ఎక్కువే ఉంటుంది, కాకపోతే చాలావరకు పైకి కనబడదు. పిల్లలు రాకముందే గది సిద్ధం చేయాలి. నిన్న ఎవరు దేని దగ్గర ఆగిపోయారు, ఈ రోజు వాళ్ళ చేతికి ఏది అందేలా పెట్టాలి, ఏ వస్తువు తీసేయాలి అని ఆలోచించుకోవాలి. పిల్లలు వచ్చాక చూడాలి, వినాలి, రాసుకోవాలి. ఎప్పుడు చెయ్యి వేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో అప్పటికప్పుడు తేల్చుకోవాలి.

నాలుగేళ్ళ పాప ఒకతి కింద ఉన్న బకెట్లోంచి పైన బల్ల మీదున్న గిన్నెలోకి పైపుతో నీళ్ళు పంపాలని చూస్తోంది అనుకోండి. నీళ్ళు ఎక్కవు. పైపు వంచుతుంది, తిప్పుతుంది, నోటితో ఊదుతుంది. అప్పుడు టీచర్ వెళ్ళి "నీళ్ళు పల్లానికే పోతాయమ్మా" అంటే పాపకు ఒక వాక్యం దొరుకుతుంది, ఆట అక్కడితో ఆగిపోతుంది. అలా కాకుండా, ఏమీ మాట్లాడకుండా ఒక ఎత్తు స్టూలు తెచ్చి పక్కన పెడితే, కాసేపటికి బకెట్‌ని దాని మీదికి ఎక్కించమని ఆ పాపే అడుగుతుంది. చూసేవాళ్ళకి టీచర్ ఏమీ చేయనట్టే ఉంటుంది. కానీ సరిగ్గా ఆ సమయానికి స్టూలు తేవాలని తట్టాలంటే, పాప ఇంతసేపూ ఏం చేస్తోందో గమనించి ఉండాలి. పిల్లలు సొంతంగా చేయగలిగినదానికీ, కాస్త సాయం ఉంటే చేయగలిగినదానికీ మధ్య ఉండే ఈ జాగా గురించే మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ రాశాడు. టీచర్ నేర్పు అంతా అక్కడే తెలుస్తుంది.

హద్దులూ ఉంటాయి. ఇంకొకరిని కొట్టకూడదు, కావాలని వస్తువులు పాడుచేయకూడదు, ఒకరు చేసుకుంటున్న పనిని చెడగొట్టకూడదు. వీటిలో బేరాలు లేవు. ఆ హద్దుల్లో ఏం చేయాలి, ఎంతసేపు చేయాలి, ఎవరితో కలిసి చేయాలి అన్నది పిల్లల ఇష్టం.

మాంటిస్సోరి, రెజ్జియో, కిండర్‌గార్టెన్ అంటూ రకరకాల పేర్లు చెబుతున్నారు. తేడా ఏంటి?

జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆటే పిల్లల అసలు పని అన్న ఆలోచనను చదువులోకి తెచ్చినవాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటాడు. చెక్క బంతులు, ఘనాలు, దిమ్మలు పిల్లల చేతికి ఇచ్చింది ఆయనే. ఇప్పుడు ఆ పేరుతో నడిచే చాలా క్లాసుల్లో పిల్లలు బల్లల ముందు కూర్చుని వర్క్‌షీట్లు నింపుతున్నారు, అది వేరే సంగతి.

మారియా మాంటిస్సోరి డాక్టర్. 1907 జనవరి 6న రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల వాడలో పిల్లల ఇల్లు అనే తన మొదటి బడి తెరిచారు. ఆమె పద్ధతిలో వస్తువులు నిర్దిష్టంగా ఉంటాయి. ఒక్కో వస్తువు ఒక్కో విషయం నేర్పుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ వస్తువే చూపిస్తుంది, కాబట్టి పెద్దవాళ్ళు దిద్దే అవసరం తగ్గుతుంది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఒకే గదిలో కలిసి ఉంటారు.

రెజ్జియో ఎమీలియా ఇటలీలో ఒక పట్టణం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, ఆ చుట్టుపక్కల ఒక ఊరి జనం జర్మన్ సైన్యం వదిలేసి వెళ్ళిన ట్యాంకును, కొన్ని లారీలను, గుర్రాలను అమ్మి, ఆ డబ్బుతో తమ చేతులతోనే పిల్లల బడి కట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ వార్త విని సైకిల్ తొక్కుకుంటూ చూడ్డానికి వెళ్ళిన యువ ఉపాధ్యాయుడు లోరిస్ మలగుజ్జి, తర్వాత ఆ పద్ధతికి మార్గదర్శి అయ్యాడు. ఇక్కడ ముందే రాసిపెట్టిన పాఠ్యక్రమం ఉండదు. నీడలు, వాన, పక్షులు, ఏదైనా సరే, పిల్లలు లేవనెత్తిన ప్రశ్న చుట్టూ వారాల తరబడి పని సాగుతుంది. బొమ్మలు గీయడం, మట్టి పని, కట్టడాలు, మాటలు అన్నీ పిల్లలు ఆలోచించే మార్గాలే. వాళ్ళు చేసినదాన్ని టీచర్లు ఫొటోలతో, రాతలతో గోడల మీద పెడతారు.

ఇవి కాక అమెరికాలో హైస్కోప్ ఉంది. అందులో పిల్లలు ఏం చేయబోతున్నారో ముందు చెబుతారు, తర్వాత చేస్తారు, చివర్లో ఏం చేశారో మళ్ళీ చెబుతారు. మూడేళ్ళ లోపు పిల్లల విషయంలో హంగరీ డాక్టర్ ఎమ్మీ పిక్లర్ 1946 నుంచి బుడాపెస్ట్‌లోని శిశుగృహంలో చేసిన పని చాలా విలువైంది. పసిబిడ్డకు బట్టలు మార్చేటప్పుడు కూడా చేయబోయేది చెప్పి, వాడు చెయ్యి అందించేదాకా ఆగడం ఆమె నేర్పిన పద్ధతి.

బోర్డు మీద మాంటిస్సోరి అని ఉంది. నమ్మొచ్చా?

బోర్డుని చూసి నమ్మకండి. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. టీచర్లు ఎక్కడ శిక్షణ తీసుకున్నారు, రోజులో పిల్లలు ఆటంకం లేకుండా పని చేసుకునే సమయం ఎంత, వేర్వేరు వయసుల వాళ్ళు కలిసి ఉంటారా అని అడగండి. గంట గంటకీ బెల్లు కొట్టి సబ్జెక్టు మారుస్తుంటే పేరు ఏదైనా అది ఆ పద్ధతి కాదు.

బడి చూడ్డానికి వెళితే ఏం గమనించాలి?

పిల్లల ఎత్తుకి వంగి చూడండి. వస్తువులు వాళ్ళ చేతికి అందుతున్నాయా? ప్రతిదానికీ పెద్దవాళ్ళని అడగాల్సి వస్తోందా? గోడల మీద ఉన్న బొమ్మలన్నీ ఒకేలా ఉంటే, పిల్లలు టీచర్ గీసినదాన్ని నింపారని అర్థం. ఒక్కొక్కటీ ఒక్కోలా, కొంచెం వంకరగా ఉంటే మంచి గుర్తు.

ఒక మూల కూర్చుని టీచర్ మాటలు వినండి. "ఇలా చెయ్, అలా కాదు, త్వరగా" అన్నవి ఎక్కువ వినిపిస్తున్నాయా, "ఏం చూస్తున్నావ్? ఎలా చేశావ్?" అన్నవి ఎక్కువ వినిపిస్తున్నాయా? ఇంకో ముఖ్యమైన సంగతి, ఎవరైనా ఏడుస్తున్నప్పుడు ఏం జరుగుతోందో చూడండి. గది ఎంత అందంగా ఉన్నా, ఏడ్చే బిడ్డను "చాలు, ఆపు" అని కసిరే చోట నేనైతే చేర్పించను.

ఇది పనిచేస్తుందని రుజువులు ఉన్నాయా?

ఉన్నాయి, కానీ ఎంతవరకు ఉన్నాయో అంతవరకే చెప్పుకోవాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 వరకు పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం జరిగింది. పేద కుటుంబాలకు చెందిన 123 మంది నల్లజాతి పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకే ఆ బడి అందించారు. పిల్లలు తమ పనిని తామే అనుకుని చేసే హైస్కోప్ పద్ధతి రూపుదిద్దుకున్నది అక్కడే. బడికి వెళ్ళినవాళ్ళకి మొదట్లో తెలివితేటల పరీక్షల్లో వచ్చిన ఆధిక్యం కొన్నేళ్ళకు తగ్గిపోయింది. అయితే నలభై ఏళ్ళ వయసులో చూసినప్పుడు రెండో జట్టుతో పోలిస్తే వీళ్ళలో హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. అది చిన్న అధ్యయనం, టీచర్లు బాగా శిక్షణ పొందినవాళ్ళు, వారం వారం ఇళ్ళకు వెళ్ళి తల్లులతో మాట్లాడేవాళ్ళు. అంత నాణ్యత లేని చోట అదే ఫలితం వస్తుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

2011లో వచ్చిన ఇంకో చిన్న ప్రయోగం నాకు చాలా ఇష్టం. నాలుగు రకాలుగా ఆడుకోగలిగే ఒక బొమ్మని పిల్లలకి ఇచ్చారు. కొందరికి "ఇది ఇలా పనిచేస్తుంది చూడు" అని ఒకటి చేసి చూపించారు. ఆ పిల్లలు ఆ ఒక్కటే ఎక్కువగా చేసి, త్వరగా ఆపేశారు. ఎవరూ ఏమీ నేర్పని పిల్లలు మిగతావి వెతికి పట్టుకున్నారు. నేర్పడం చెడ్డదని దీనర్థం కాదు. ఎప్పుడు నేర్పాలో చూసుకోవాలి.

ఎన్నేళ్ళకు మొదలుపెట్టాలి?

బడికి పంపే వయసు మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉంటుంది. ఆలస్యమైతే కొంప మునిగేది ఏమీ లేదు. ఫిన్లాండ్‌లో పిల్లలకి ఏడేళ్ళు వచ్చే సంవత్సరంలోనే ఒకటో తరగతి మొదలవుతుంది. ఇంట్లో మాట్లాడేవాళ్ళు, ఆడుకోవడానికి చోటు, తోటి పిల్లలు ఉంటే మూడేళ్ళ దాకా ఆగినా నష్టం లేదు.

## చేరిన మొదటి వారాలు

పొద్దున వదిలేటప్పుడు గుక్కపట్టి ఏడుస్తోంది. చెప్పకుండా జారుకోమంటున్నారు. ఏం చేయాలి?

చెప్పకుండా మాత్రం వెళ్ళకండి. పాప వెనక్కి తిరిగి చూసేసరికి మీరు లేకపోతే, ఇక అమ్మ ఎప్పుడు మాయమవుతుందో అన్న భయం పట్టుకుంటుంది, ఇంట్లో కూడా వదిలిపెట్టదు. "నేను వెళ్తున్నా, ఆటలయ్యాక వస్తా" అని చెప్పండి, చెప్పాక నిలబడి సాగదీయకుండా వెళ్ళండి. చెప్పిన వేళకు కచ్చితంగా రండి. మొదటి కొన్ని రోజులు మీరు గదిలో కాసేపు ఉండనిచ్చే బడి అయితే ఇంకా మంచిది. వారాలు గడిచినా రోజంతా ఏడుస్తూనే ఉంటే, మీరు వెళ్ళాక ఆ పాప ఎవరి దగ్గరికి చేరుతోందో టీచర్‌ని అడగండి. "ఎవరి దగ్గరికీ చేరడం లేదు" అన్నది జవాబైతే, ముందు ఒక టీచర్‌తో అనుబంధం కుదరాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

"ఏం చేశావ్ రా ఈ రోజు?" అంటే "ఆడుకున్నా" అంటాడు. డబ్బు కట్టి ఆడుకోవడానికి పంపుతున్నామా?

ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఆటలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడండి. ముగ్గురు పిల్లలు చెక్క దిమ్మలతో వంతెన కడుతున్నారు. అది కూలిపోతోంది. "లావుది కింద పెట్టు" అంటాడు ఒకడు. "నా దగ్గర లావుది లేదు, నువ్వివ్వు" అంటుంది ఇంకో పాప. వాడు ఇవ్వడు. బేరం నడుస్తుంది. రెండు పొట్టి దిమ్మలు కలిపితే ఒక పొడుగు దిమ్మ అంత అవుతుందని ఎవరో కనిపెడతారు. కొలత, బరువు, సమతూకం, ఎదుటివాళ్ళని ఒప్పించడం, కోపం ఆపుకోవడం, అన్నీ ఆ కాసేపట్లోనే. వాడి దృష్టిలో ఇదంతా ఆటే కాబట్టి ఇంటికొచ్చి "ఆడుకున్నా" అనే అంటాడు.

"ఏం నేర్చుకున్నావ్?" అని కాకుండా "ఇవాళ కష్టమనిపించింది ఏంటి?" అనో, "ఎవరితో ఆడావ్?" అనో అడిగి చూడండి. అప్పుడు మాటలు వస్తాయి.

ఒకటే పని పదే పదే చేస్తోంది. ఆపి వేరేది ఇవ్వాలా?

వద్దు. మాంటిస్సోరి తొలి రోజుల్లో ఒక మూడేళ్ళ పాప చెక్క సిలిండర్లని వాటి గుంతల్లో పెడుతూ తీస్తూ ఉండటం చూశారు. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించినా, ఆ పాపను కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టినా తలెత్తలేదు. నలభైసార్లకు పైగా చేసి, తనంతట తానే ఆపి, నిద్ర లేచినంత తేటగా చుట్టూ చూసిందట. ఆ ఏకాగ్రత చుట్టూనే ఆమె తన పద్ధతిని కట్టుకున్నారు. పాప అందులో ఆనందంగా మునిగి ఉన్నంతకాలం చేయనివ్వండి. అయితే పిలిచినా పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, మాటలు ఆలస్యం కావడం కూడా తోడుగా ఉంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

అక్షరాలు ఎప్పుడు నేర్పుతారు? పక్కింటి పాప రాసేస్తోంది.

రాయడానికి ముందు వేళ్ళకు బలం రావాలి, చెవికి శబ్దాలు విడివిడిగా తెలియాలి. మట్టి పిసకడం, గుండీలు పెట్టుకోవడం, నీళ్ళు ఒంపడం వేళ్ళను సిద్ధం చేస్తాయి. కథలు, పాటలు, ప్రాస మాటలు చెవిని సిద్ధం చేస్తాయి. ఈ రెండూ కుదిరాక కొందరు నాలుగేళ్ళకే అక్షరాల వెంట పడతారు, కొందరు ఆరు దాటాక. అడిగిన పిల్లకి అక్షరం చూపించకుండా "ఇంకా టైముంది" అనడం కూడా తప్పే. పిల్లల్ని బట్టి నడవడమంటే తొందరపెట్టకపోవడంతో పాటు అడ్డుపడకపోవడం కూడా.

## నడుస్తుండగా వచ్చే సందేహాలు

మావాణ్ణి ఇంకో పిల్లవాడు కొట్టాడు. టీచర్ ఎవరినీ శిక్షించలేదు. ఇదేం పద్ధతి?

ముందు కొట్టిన చెయ్యిని ఆపాలి. అది టీచర్ బాధ్యత, అందులో ఆలస్యం పనికిరాదు. ఆ తర్వాత ఏం జరగాలన్నదే ప్రశ్న. ఎర్ర తొట్టి బండి కోసం ఇద్దరు కొట్టుకున్నారు. టీచర్ ఇద్దరి మధ్యా నేల మీద కూర్చుంటుంది, బండి మీద చెయ్యి వేస్తుంది.

"ఇద్దరికీ ఈ బండే కావాలి. నీకు నొప్పి పుట్టింది, వాడికి చెప్పు."

"నన్ను కొట్టాడు. నాకిష్టం లేదు."

"విన్నావా? ఇప్పుడు నువ్వు చెప్పు."

"నేను మట్టి మోస్తున్నా. వీడు లాక్కున్నాడు."

"సరే. బండి ఒకటే ఉంది. ఏం చేద్దాం?"

అక్కడ టీచర్ ఆగుతుంది. ఆ మౌనం చాలాసేపు ఉన్నట్టు అనిపిస్తుంది. చివరికి ఒకడు "నేను నింపుతా, నువ్వు తొయ్" అంటాడు. ఒక్కోసారి ఏమీ తేలదు, అప్పుడు బండిని కాసేపు పక్కన పెట్టాల్సి వస్తుంది. మూలన నిలబెట్టిన పిల్లవాడు తనకు జరిగిన అవమానం గురించి ఆలోచిస్తాడు కానీ ఎదుటివాడి నొప్పి గురించి ఆలోచించడు. అయితే ఒకే పిల్లవాడు రోజూ కొడుతుంటే, మాటలతో సరిపెట్టకుండా ఏ సమయంలో, ఎక్కడ, దేనికి కొడుతున్నాడో టీచర్ రాసుకుని తల్లిదండ్రులతో కలిసి కూర్చోవాలి. ఆ విషయం మీరు గట్టిగా అడగొచ్చు.

స్టార్లు, బహుమతులు ఎందుకివ్వరు? ఇస్తే ఉత్సాహం వస్తుంది కదా?

1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో ఒక ప్రయోగం జరిగింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. తర్వాత ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు, ఆ పిల్లలు మిగతావాళ్ళలో సగం సేపే గీశారు. ఇష్టంగా చేసే పనికి ముందే వెల కడితే ఇష్టం తరిగిపోతోంది. ఆశ పెట్టకుండా ఆఖరున హఠాత్తుగా ఇచ్చినప్పుడు ఆ నష్టం కనబడలేదు. ఇంట్లో కూడా "వావ్, సూపర్" అనే బదులు "ఇక్కడ నీలం రంగు చాలా వేశావే" అని చూసింది చూసినట్టు చెప్పండి. వాళ్ళు మిగతాది తామే చెబుతారు.

మా అమ్మాయి ఎవరితోనూ కలవదు, పక్కన నిలబడి చూస్తుంటుంది.

చూడటం కూడా ఆటలో ఒక మెట్టే. 1930ల మొదట్లో మిల్‌డ్రెడ్ పార్టెన్ చిన్నపిల్లల ఆటలను వర్గీకరించినప్పుడు, చూస్తూ నిలబడటాన్ని, పక్కపక్కనే విడిగా ఆడుకోవడాన్ని కూడా వాటిలో చేర్చారు. "వెళ్ళు, ఆడుకో" అని తోయకండి. గుంపుకి దగ్గర్లో తనకిష్టమైన వస్తువుతో కూర్చునే వీలు కల్పిస్తే చాలామంది మెల్లగా జరుగుతారు.

ఎత్తులెక్కడం, దూకడం చేయనిస్తున్నారు. పడితే?

తాను చూసి అంచనా వేయగల ప్రమాదం పిల్లలకి అవసరం. తనకు కనబడని ప్రమాదం, అంటే విరిగిన మెట్టు, పైకి తేలిన మేకు, లోతు తెలియని నీళ్ళు, పెద్దవాళ్ళు తొలగించాల్సిందే. "జాగ్రత్త" అని కేకేస్తే చేతులు వదిలేస్తారు. "ఎడమకాలు ఎక్కడ పెడతావ్?" అని అడిగితే ఆలోచిస్తారు. ఇంకో నియమం, వాళ్ళంతట వాళ్ళు ఎక్కలేని చోటికి మీరు ఎత్తి కూర్చోబెట్టకండి.

ఇంట్లో మేం ఏం చేయాలి? ఆ సామాన్లన్నీ కొనాలా?

ఏమీ కొనక్కర్లేదు. ఉన్న బొమ్మల్లో చాలావాటిని కళ్ళకు కనబడకుండా దాచి, కొన్నే బయట ఉంచండి, అప్పుడప్పుడు మార్చండి. తన బట్టలు తాను తీసుకునేలా, తన చేతులు తాను కడుక్కునేలా అన్నీ కాస్త కిందికి దించండి. పొద్దున్నే పది నిమిషాలు ముందు లేస్తే, చెప్పులు తనే వేసుకునేంత టైము దొరుకుతుంది. నా దృష్టిలో ఇంట్లో ఇవ్వగలిగిన అతి పెద్ద విషయం ఆ పది నిమిషాలే. ఎంపిక ఇచ్చేటప్పుడు నిజమైనదే ఇవ్వండి: "నీలం చొక్కానా, పచ్చదా?" అంటే సరే. వెళ్ళక తప్పనిచోట "బడికి వెళ్దామా?" అని అడగకండి, వద్దంటే మీ దగ్గర జవాబుండదు.

ఫోన్, టీవీ ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచన ప్రకారం రెండేళ్ళు నిండని పిల్లలకు స్క్రీన్ వద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకు గంట మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది.

## ప్రపంచ పౌరులుగా పెంచడం గురించి

మూడేళ్ళ పిల్లకి ప్రపంచ పౌరసత్వమా? పెద్ద మాటలా లేదూ?

మాట పెద్దదే, కానీ మొదలయ్యేది చాలా చిన్న చోట. తన మాటకు విలువ దొరికిన పిల్లకే ఎదుటివాళ్ళ మాటకూ విలువ ఉంటుందని తెలుస్తుంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకుందని చెబుతుంది. 31వ అధికరణం ఆడుకునే హక్కు గురించి. 29వ అధికరణం చదువు లక్ష్యాల్లో శాంతి, సహనం, అన్ని జాతుల మధ్య స్నేహం, ప్రకృతి మీద గౌరవం ఉండాలంటుంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే, పిల్లలు దారి చూపే చదువుకీ ప్రపంచ పౌరులకీ ఉన్న సంబంధం తెలుస్తుంది.

సాయం చేసే గుణం మనం కొత్తగా పోయాల్సింది కూడా కాదు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో, పరిచయం లేని మనిషి చేతిలోంచి వస్తువు జారిపోతే ఏడాదిన్నర పిల్లలు ఎవరూ చెప్పకుండానే వెళ్ళి తీసిచ్చారు. చేతుల నిండా పత్రికలతో అల్మరా తలుపు తీయలేకపోతుంటే వెళ్ళి తలుపు తీశారు. కళ్ళెదుట ఉన్నవాళ్ళతో మొదలైన ఆ గుణాన్ని, కనబడనివాళ్ళ దాకా పెరగనివ్వడమే మన పని.

మాంటిస్సోరి ఈ సంబంధాన్ని ముందే చూశారు. ఇటలీలో ఫాసిస్టు ప్రభుత్వంతో పొసగక 1930లలో ఆమె దేశం వదిలారు, 1939లో ఇండియాకి వచ్చి యుద్ధకాలమంతా ఇక్కడే ఉన్నారు. చెప్పినట్టు వినడమొక్కటే నేర్చిన పిల్లలు పెద్దయ్యాక ఎవరు ఏం చెప్పినా వింటారన్నది ఆ కాలం చూపించిన చేదు నిజం. 1949 నుంచి వరసగా మూడేళ్ళు ఆమె పేరు నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదనకు వెళ్ళింది.

జెండాలు, దేశాల పేర్లు, రాజధానులు నేర్పిస్తే సరిపోదా?

పిల్లకి సరదాగా ఉంటే నేర్చుకోనివ్వండి. కాకపోతే నాలుగేళ్ళ పిల్లకి దేశమన్నది చేతికి అందే విషయం కాదు. ఏడాదికోసారి వింత దుస్తులు వేయించి "వాళ్ళు ఇలా ఉంటారు" అని చూపించడం వల్ల దూరం పెరిగే ప్రమాదమే ఎక్కువ. అదే వయసు పిల్ల ఇంకోచోట పళ్ళెలా తోముకుంటుంది, దేనికి భయపడుతుంది, బడికి ఎలా వెళ్తుంది అన్నవైతే వెంటనే పట్టుకుంటారు. పుస్తకాల్లో రకరకాల మనుషులు మామూలు పనులు చేసుకుంటూ కనబడాలి. ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 4.7 ప్రపంచ పౌరసత్వం గురించి చెబుతూ మానవహక్కులు, శాంతి, స్త్రీపురుష సమానత్వం, వైవిధ్యాన్ని గౌరవించడం వంటి వాటినే లెక్కలోకి తీసుకుంది.

"ఆయన ఎందుకంత నల్లగా ఉన్నాడు?" అని అందరి ముందే అడిగేసింది. ఏం చెప్పాలి?

నోరు మూయించకండి. మీరు "ష్" అంటే, అదేదో చెప్పకూడని తప్పు అని పాప అనుకుంటుంది. "మనుషుల ఒంటి రంగు రకరకాలుగా ఉంటుంది. అమ్మానాన్నల నుంచి వస్తుంది. నీది ఒక రంగు, ఆయనది ఒక రంగు" అని మామూలు గొంతుతో చెప్పండి. ఆయన విన్నారనిపిస్తే ఒక నవ్వు నవ్వి పలకరించండి.

పిల్లలకి తేడాలు కనబడవనుకోవడం పొరపాటు. అప్పుడే పుట్టిన పిల్లలు అన్ని జాతుల ముఖాలనూ ఒకేలా చూస్తారు, మూడు నెలలకే తమ చుట్టూ ఉన్నలాంటి ముఖాల వైపు మొగ్గుతారని 2005లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. రోజూ రెండు రకాల ముఖాలూ చూసే పసిపిల్లల్లో ఆ మొగ్గు లేదని మరుసటి ఏడాది ఇంకో పరిశోధనలో తేలింది. అంటే పాప చుట్టూ ఎవరున్నారన్నది మన ఉపన్యాసాల కంటే ముందే పనిచేస్తోంది. మీ ఇంటికి ఎవరెవరు వస్తారు, మీరు ఎవరి పక్కన కూర్చుంటారు అన్నది ఒకసారి ఆలోచించండి.

ఎక్కువ భాషలు నేర్పితే గందరగోళపడతారా?

పడరు. రెండు భాషల మాటలు కలిపి మాట్లాడటం మామూలే, తర్వాత విడదీసుకుంటారు. కానీ వీడియోలు పెట్టి భాష వస్తుందనుకోకండి. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా మాండరిన్ వినిపించారు. ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాష శబ్దాల్లో తేడాలు పట్టుకున్నారు. అదే మాటలు తెర మీద వస్తే ఏమీ పట్టుకోలేదు. ఇంటి భాషను మాత్రం వదలకండి. కోపం, దిగులు, ప్రేమ చెప్పుకోగలిగిన భాష ఒకటి పిల్లకి గట్టిగా ఉండాలి.

అందరూ నావాళ్ళే అంటూ పెరిగితే తన మూలాలు మరిచిపోదా?

తన ఇంటి కథలు బాగా తెలిసిన పిల్లకే ఇంకొకరి ఇంటి కథ మీద ఆసక్తి పుడుతుంది. న్యూజిలాండ్ 1996లో తెచ్చిన చిన్నపిల్లల పాఠ్యప్రణాళిక పేరు తె ఫారికి. అది అక్కడి మూలవాసుల భాష మావోరిలోనూ, ఇంగ్లీషులోనూ వచ్చింది. అందులోని ఐదు పాయల్లో ఒకటి ఇది నా చోటు అన్న భావన, ఇంకోటి లోకాన్ని అన్వేషించడం. రెండూ ఒకే అల్లికలో ఉంటాయి.

యుద్ధం వార్తలు విని భయపడుతున్నాడు. చెప్పాలా, దాచాలా?

వార్తల దృశ్యాలు చూపించకండి. అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పకండి. ముందు "నువ్వేం విన్నావ్?" అని అడగండి, సగం భయం వాడు ఊహించుకున్నదే అయ్యుంటుంది. "దూరంగా ఒకచోట పెద్దవాళ్ళు పోట్లాడుకుంటున్నారు, చాలామందికి దెబ్బలు తగులుతున్నాయి. వాళ్ళకి సాయం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. నువ్వు ఇక్కడ మా దగ్గర ఉన్నావ్" అంటే ఆ వయసుకి చాలు. ఒక దేశం వాళ్ళంతా చెడ్డవాళ్ళన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటి నుంచీ రాకూడదు. ఏదైనా చేస్తానంటే, తన బొమ్మ ఒకటి ఇస్తానంటే, "నువ్విస్తే ఏమొస్తుంది" అనకండి.

## పెద్ద బడికి వెళ్ళే ముందు

ఇన్నాళ్ళూ స్వేచ్ఛగా పెరిగి, మామూలు బడిలో బెంచీ మీద కూర్చోగలదా?

మొదటి నెలల్లో కొందరికి విసుగు, చిరాకు ఉంటాయి. అయినా తన వస్తువులు తాను చూసుకోవడం, పని మొదలుపెట్టి పూర్తిచేయడం, అర్థంకాకపోతే అడగడం అలవాటైన పిల్ల త్వరగానే సర్దుకుంటుంది. ముందే ఆ బడికి తీసుకెళ్ళి గది, బాత్రూమ్ చూపించండి. "అక్కడ మాట్లాడాలంటే చెయ్యి ఎత్తాలి, ఇక్కడ అలా లేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కొత్త టీచర్ మీద ఇంట్లో విమర్శలు పెట్టుకోకండి, పిల్ల రెండు చోట్లా నలిగిపోతుంది. సాయంత్రాలు మాత్రం ట్యూషన్‌తో నింపకుండా ఖాళీగా వదలండి.

పరీక్షలు లేకుండా వెనకబడ్డాడో లేదో ఎలా తెలుస్తుంది?

టీచర్ రాసుకున్న గమనికలు అడగండి. "బాగున్నాడండి" అన్నది గమనిక కాదు. "రెండు నెలల కింద కత్తెర పట్టుకోలేకపోయేవాడు, ఇప్పుడు గీత వెంబడి కత్తిరిస్తున్నాడు. ఐదు వరకు వస్తువులు తాకి లెక్కిస్తాడు, ఆపై తడబడతాడు" అన్నట్టు ఉండాలి. ఏడాదిలో కనీసం రెండుమూడుసార్లు ఇలా కూర్చుని మాట్లాడే ఏర్పాటు ఉండాలి. మాట, నడక, వినికిడి, చూపు, నలుగురితో మెలగడం, వీటిలో మీకు అనుమానం వస్తే "తన టైములో తనే చేస్తాడులే" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. అలా అన్నది టీచర్ అయినా సరే, పిల్లల డాక్టర్‌కి చూపించండి. ముందుగా తెలిస్తే సాయం ముందుగా అందుతుంది.

ఆరేళ్ళు దాటాక కూడా ఇలాగే కొనసాగించొచ్చా?

కొనసాగించొచ్చు. ఈ పద్ధతుల్లో కొన్నిటికి పై తరగతులు కూడా ఉన్నాయి. అలాంటి బడి దగ్గర్లో లేకపోతే ఇంట్లో వారానికి ఒక పూట పిల్లకే వదిలిపెట్టండి. ఆ పూట ఏం చేయాలో తనే అనుకుంటుంది, కావాల్సిన వస్తువుల జాబితా తనే చెబుతుంది, సాయానికి పిలిస్తేనే మీరు వెళ్తారు. మొదటి రెండుమూడు సార్లు "ఏం తోచడం లేదు" అని మీ చుట్టూ తిరుగుతుంది. అప్పుడు ఐడియాలు ఇచ్చేయకుండా కాసేపు ఓపిక పట్టండి.